స్టాక్ లేదు

మంగళవారం పొద్దున డార్లీన్ షాపులోకి వచ్చేసరికి రేణు మాత్రలు లెక్కపెడుతోంది. నీలం ట్రే మీద తెల్ల మాత్రలు పోసుకుని, చిన్న ప్లాస్టిక్ అట్లకాడలాంటి దానితో అయిదేసి చొప్పున పక్కకి లాగి, ట్రే అంచున ఉన్న గాడిలోకి నెట్టి, సీసాలోకి వంచడం. ఏళ్ళ తరబడి చేస్తున్న పని. ఆ టకటక చప్పుడంటే ఆమెకి ఇష్టం. ఇంట్లో ఏ చికాకు ఉన్నా, బయట ఎంత చలి ఉన్నా, ట్రే ముందు నిలబడితే మనసు కుదుటపడుతుంది.

అమెరికాలోని అరోరా ఊళ్ళో ఇండియన్ కిరాణా కొట్టుకీ మెక్సికన్ బేకరీకీ మధ్యన ఉంది ఆ మందుల షాపు. ఓనరు తిరుపతయ్య. నరసరావుపేట మనిషి. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకి ఊరికే బీపీ చూస్తాడు. ఇన్సూరెన్స్ వాళ్ళతో జనం తరఫున గంటల తరబడి పోట్లాడతాడు. షాపు కట్టేసే వేళకి ఎవరైనా జ్వరం పిల్లని ఎత్తుకొస్తే ఆర్పిన లైట్లు మళ్ళీ వేస్తాడు. మంచివాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథలో అన్యాయం చేసేదీ ఆయనే.

షాపులో ఆయన కాక ఉండేది ఇద్దరు. ఫార్మసిస్టు రేణు, కౌంటర్ చూసుకునే ఇసబెల్. రేణు గ్రీన్ కార్డ్ అప్లికేషన్ ఆయన షాపు పేరు మీదే నడుస్తోంది. ఇసబెల్ బేకరీ వాళ్ళ చెల్లెలు. పొద్దున్నే వేడి రొట్టె తెస్తుంది, తిరుపతయ్య ఫ్లాస్కులో ఫిల్టర్ కాఫీ తెస్తాడు. ముగ్గురూ వెనక గదిలో నిలబడే తాగేస్తారు.

మన తెలుగువాళ్ళ గుట్టు చూడాలంటే ఆ కౌంటర్ వెనక నిలబడాలి. డిప్రెషన్ మాత్రలు వాడే సాఫ్ట్‌వేర్ మేనేజరొకాయన వాటిని విటమిన్ సీసాలో పోసిమ్మని ప్రతి నెలా అడుగుతాడు. ప్రతి నెలా రేణు కుదరదంటుంది. ఆయన కార్లో కూర్చుని తనే పోసుకుని, ఖాళీ సీసా షాపు చెత్తబుట్టలో పడేయమని తెచ్చిస్తాడు. నిద్రమాత్రల కోసం వచ్చే ఆవిడ గొంతు తగ్గించి, పక్కన ఎవరూ లేరని చూసుకుని, తల నెప్పికి అంటుంది. చీటీ మీద ఏముందో రేణుకి కనిపిస్తూనే ఉంటుంది. తల నెప్పికేనండీ అని ఇచ్చేస్తుంది.

డార్లీన్ తెలుగు మనిషి కాదు, గుట్టు ఆవిడకి అలవాటు లేదు. నలభై దాటిన తెల్లావిడ. వృద్ధాశ్రమంలో బట్టలుతికే సెక్షన్‌లో పని. ఆ యూనిఫారంలోనే వచ్చింది. కౌంటర్ మీద రెండు మోచేతులూ ఆనించి గట్టిగానే అడిగింది.

"బ్యూప్రెనార్ఫిన్ ఫిల్ములు కావాలి. మా డాక్టరు పొద్దున మీకే పంపింది ప్రిస్క్రిప్షన్."

హెరాయిన్, నొప్పి మాత్రలు, ఫెంటనిల్ అలవాటైనవాళ్ళు వాటి నుంచి బయటపడటానికి వాడే మందు అది. పలచటి ముక్క, నాలుక కింద పెట్టుకుంటే కరిగిపోతుంది. కిక్కు కోసం కాదు. మనిషి పొద్దున లేచి, మొహం కడుక్కుని, పనికి పోవడం కోసం.

తిరుపతయ్య కళ్ళజోడు పైనుంచి చూశాడు. "సారీ మేడమ్. స్టాక్ లేదు."

"ఎప్పుడొస్తుంది?"

"చెప్పలేం. హోల్‌సేల్ వాళ్ళు పంపడం లేదు."

"మీ దగ్గర ఉంది," అంది డార్లీన్. అరవలేదు. సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఉందని నాకు తెలుసు."

"సారీ మేడమ్," అన్నాడు తిరుపతయ్య, అంతే మర్యాదగా. వెనకున్న వాళ్ళని రమ్మని చెయ్యి ఊపాడు.

డార్లీన్ వెళ్ళిపోలేదు. బయట, షాపు అద్దానికి ఆనుకుని ఉన్న బెంచీ మీద కూర్చుంది. రేణుకి ఆమె వీపు కనిపిస్తూనే ఉంది. ఆ వీపు చూడటం ఇష్టం లేక ట్రే వైపు తిరిగి నిలబడింది. ఆ మందు లేదని తనూ చాలామందికి చెప్పింది. తాళం వేసే బీరువాకి సంబంధించిన ఆర్డర్లు, లెక్కలు తిరుపతయ్యే చూసుకుంటాడు. హోల్‌సేల్ వాళ్ళు ఇవ్వడం లేదు, ఎవరడిగినా లేదనెయ్, కంప్యూటర్లోకి చీటీ వస్తే వెనక్కి పంపెయ్ అని చేరిన కొత్తలోనే చెప్పాడు. లేదు అనడానికి లైసెన్సు అక్కర్లేదు. చెప్పేసింది. వాళ్ళంతా ఎటు పోయారో ఎప్పుడూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం నవరాత్రుల అన్నదానం మీటింగుందని తిరుపతయ్య గుడికి బయల్దేరాడు. బెంచీ పక్కనుంచే వెళ్ళి కారెక్కాడు. కారు మలుపు తిరగ్గానే డార్లీన్ మళ్ళీ లోపలికొచ్చింది.

"హనీ, నువ్వు చూడు ఒకసారి," అంది రేణుతో. "ఆయన కాదు. నువ్వు నీ కళ్ళతో చూసి లేదని చెప్పు. వెళ్ళిపోతా."

రేణు ఆమె చేతులు చూసింది. షాపు వెచ్చగా ఉన్నా మోచేతుల దాకా రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. మాట మధ్యలో ఆవలింతలు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఏడుపు కాదు. మందు ఆగిన ఒంటికి అలాగే అవుతుంది. ఇదంతా రేణు పుస్తకంలో చదివింది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

"ఆఖరిది నిన్న పొద్దున పెట్టుకున్నా," అంది డార్లీన్. "ఈ ఊళ్ళో షాపులన్నీ తిరిగా. ఒకడు లేదంటాడు, ఒకడు కొత్తవాళ్ళకి ఇవ్వనంటాడు. రోడ్డవతల ఈ అలవాటు మాన్పించే సెంటర్లో నా కౌన్సెలర్ ఉంది చూడు, పాపం ఆ పిల్ల పొద్దుట్నించి ఫోన్లు చేస్తూనే ఉంది. రెండింటికి నా షిఫ్ట్. ఇలా పనికి పోలేను." చొక్కా చేతికి ముక్కు తుడుచుకుంది. "నా ఫోన్‌లో ఇంకో మనిషి నంబరుంది. ఇంకా తీసెయ్యలేదు. వాడి దగ్గర స్టాక్ ఎప్పుడూ అయిపోదు."

రేణు తాళాలు తీసుకుంది. ఆవిడని నమ్మి కాదు. కళ్ళారా చూసి లేదని చెప్తే తన పని అయిపోతుందని.

బీరువా పై అరల్లో ఉన్నవన్నీ ఆమె రోజూ తీసేవే. కింది అరలో దగ్గు మందు సీసాల వెనక ఒక మిఠాయి డబ్బా. అదెప్పుడూ అక్కడే ఉంటుంది. తిరుపతయ్యకి షుగరు. వాళ్ళావిడకి కనబడకుండా కాజాలు దాచుకోవడానికి ఆయనకి ప్రపంచంలో తాళమున్న చోటు అదొక్కటే దొరికిందని రేణూ ఇసబెల్ నవ్వుకునేవాళ్ళు. ఆయన తప్పు ఆయన దాచుకుంటాడు, మనకెందుకని ఎవరూ ముట్టుకోలేదు. నెలకోసారి తెలిసిన తెలుగావిడ వసంతలక్ష్మి గారు వెనక తలుపు దగ్గరికి వచ్చి ఆవకాయో గోంగూరో సీసాలో ఇస్తే, ఆయన బదులుగా అలాంటి డబ్బానే ఒకటి ఆవిడ చేతిలో పెట్టడం కూడా చూశారు. ఊరగాయకి మిఠాయి. మనవాళ్ళ మర్యాద.

రేణు డబ్బా మూత తీసింది. లోపల కాజాలు లేవు. సీలు వేసిన మందు అట్టపెట్టెలు ఉన్నాయి. బ్యూప్రెనార్ఫిన్.

కాసేపు అలాగే గొంతుక్కూర్చుంది. తర్వాత లేచి కంప్యూటర్లో ఆ మందు ఎవరికి వెళ్తోందో చూసింది. ఒకే ఒక్క పేరు. అద్వైత్. వసంతలక్ష్మి గారి అబ్బాయి. తల్లి వెనక తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా కార్లో తల వంచుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చునే పిల్లాడు. అన్నీ రూలు ప్రకారమే ఉన్నాయి. డాక్టరు రాశాడు, తిరుపతయ్య ఇచ్చాడు, ఎక్కించాల్సిన చోట ఎక్కించాడు. దొంగతనం ఏమీ లేదు. మనవాళ్ళ పిల్లాడికి ఉంది, డార్లీన్‌కి లేదు. అంతే.

రేణుకి మొదట వచ్చింది కోపం కాదు, సిగ్గు. ఇన్నాళ్ళూ ఆయన అబద్ధాన్ని తన నోటితో చెప్పింది.

డార్లీన్ ప్రిస్క్రిప్షన్ తెరిచింది. ఇలాంటి మందులు ఎవరెక్కడ కొన్నారో రాసి ఉంచే రాష్ట్రం వాళ్ళ రికార్డులో చూస్తే తేడా ఏమీ లేదు, ఒకే డాక్టరు, ఒకే మందు. లేబుల్ కొట్టింది. రెండు వారాల మందు సంచిలో పెట్టి, ఇసబెల్ ఉన్నా తనే కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళింది.

"మింగకూడదు. నాలుక కింద," అంది, చెప్పాలి కాబట్టి.

"తెలుసు హనీ," అంది డార్లీన్. అక్కడే ఒకటి చింపి నోట్లో పెట్టుకుంది. మాట్లాడకుండా, కళ్ళు మూసుకుని, రెండు చేతులతో కౌంటర్ పట్టుకుని నిలబడింది. పూర్తిగా కరిగాక కళ్ళు తెరిచి రేణు చెయ్యి ఒకసారి నొక్కింది. బయటికి వెళ్ళి బస్సెక్కింది.

ఇసబెల్ బీరువా వైపు చూసింది. "అయితే ఆయన కాజాలు తినడం లేదన్నమాట," అంది.

"తినడం లేదు."

"పాపం, నేను వాళ్ళావిడకి చెప్పేశాను."

బుధవారం పొద్దున రేణు కాఫీ తాగలేదు. తిరుపతయ్య కప్పులోకి వంచుతుంటే పక్కనే నిలబడి అంది, "సార్, బీరువాలో మిఠాయి డబ్బా తీశాను."

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "తింటే తిన్నావులేమ్మా."

"అందులో మిఠాయి లేదు సార్."

ఇసబెల్ తన రొట్టె ముక్క తీసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళిపోయింది. తెలుగు రాకపోయినా ఎప్పుడు వెళ్ళిపోవాలో తెలిసిన మనిషి.

"ఎవరికిచ్చావు?" అన్నాడు తిరుపతయ్య.

"నిన్న మీరు లేదని పంపించారే, ఆవిడకి."

"అది అద్వైత్‌ది. వసంతలక్ష్మి గారి పిల్లాడు. తెలుసా నీకు?"

"కంప్యూటర్‌లో చూశాను."

"మరి శుక్రవారం ఆ తల్లి వస్తుంది. ఏమని చెప్పమంటావు?"

"అందరికీ చెప్పేదే చెప్పండి. స్టాక్ లేదని."

 పెద్దాయనతో రేణు అలా మాట్లాడటం ఇదే మొదలు. తిరుపతయ్య కోప్పడలేదు. ఫ్లాస్కు మూత బిగించాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు.

"నీకు తెలీదు రేణూ. ఆ మందు ఇక్కడ దొరుకుతుందని తెలిస్తే ఊళ్ళో ఉన్న ఆ బాపతంతా మన గుమ్మంలో చేరుతుంది. ఆ బెంచీ మీదే పడుకుంటారు. మన ఆడవాళ్ళు లోపలికి రావడానికి భయపడతారు. కష్టపడి పెట్టుకున్న షాపు ఇది."

"అద్వైత్ ఏ బాపతు సార్?"

"వాడు మన పిల్లాడు. బుద్ధిమంతుడు. మోకాలి ఆపరేషన్‌కి నొప్పి మాత్రలిచ్చారు, అవి అలవాటైపోయాయి. వాడి తప్పేముంది?"

"డార్లీన్ తప్పేముంది? మీరడిగారా ఆవిడని? నేనూ అడగలేదు."

తిరుపతయ్య ఫ్లాస్కు పక్కన పెట్టాడు. "ఇంకోటుంది," అన్నాడు. "హోల్‌సేల్ కంపెనీ వాడు ఈ మందుకి నెలకింతే అని ఒక గీత గీసి పెట్టాడు. ఆ గీత దాటి ఆర్డర్ పెడితే వీడెవడో మత్తుమందు అమ్ముకుంటున్నాడని అనుమానం పడతాడు. అకౌంట్ ఆపేస్తే బీపీ మాత్రలు కూడా రావు. మొత్తం షాపు మూసుకోవాలి. అది ఆలోచించావా?"

"గీత పెంచమని అడిగారా?"

"అడిగితే ఎందుకంటారు."

"ఎందుకో చెప్పండి."

"ఏమని చెప్పను? నా దగ్గరికి డ్రగ్స్ వాళ్ళు వస్తున్నారని చెప్పనా?"

"పేషెంట్లు వస్తున్నారని చెప్పండి."

 రేణు రాత్రంతా నములుతున్న మాట ఇక ఆపుకోలేక అడిగేసింది. "సార్, నా గ్రీన్ కార్డ్ కాగితాలు ఆపేస్తారా?"

తిరుపతయ్య కళ్ళజోడు తీసి ఆమె మొహంలోకి చూశాడు. ఆయనకి నిజంగానే దెబ్బ తగిలింది.

"ఏమ్మా, నేనంత నీచుడిలా కనబడుతున్నానా నీకు? కాగితాల దారి కాగితాలది. పోయిన వారమే సంతకం పెట్టి లాయరుకి పంపేశాను. నీకు చెప్పడం మర్చిపోయాను." కప్పు ఆమె ముందుకి జరిపాడు. "చల్లారిపోతుంది, తాగు."

రేణు తాగింది.  ఆయన చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది, ఇంటికెళ్ళి హాయిగా తిట్టుకునేది. ఇలాంటి మంచివాళ్ళతోనే చావు. తమ వాళ్ళ కోసం ప్రాణమిస్తారు. గుమ్మం అవతల నిలబడ్డవాడికి కూడా ప్రాణం ఉంటుందని ఒక్కరోజు కూడా తోచదు.

గురువారం తిరుపతయ్య ఆ మందుకి కొత్త ఆర్డర్ పెట్టాడు. మిగిలిన పెట్టె అద్వైత్‌కి నెల పొడుగునా చాలదు. కంప్యూటర్ ఎర్ర అక్షరాలు చూపించింది. నెల గీతకి మించింది, కారణం చెప్పడానికి ఫోన్ చేయమంది. ఆయన ఆ కంపెనీ నంబరు పసుపు కాగితం మీద రాసి స్క్రీన్‌కి అంటించాడు. పొద్దున చేస్తానన్నాడు. మధ్యాహ్నం చేస్తానన్నాడు. సాయంత్రం వాళ్ళు కూడా ఇళ్ళకి పోయుంటారులే అన్నాడు.

రేణుకి ఇప్పుడు ఇంకో దిగులు పట్టుకుంది. డార్లీన్‌కి ఇవ్వడం తప్పని అనిపించడం లేదు. కానీ ఇంకొకరి నోటి దగ్గరిది తీసి ఇచ్చింది. రేపు ఆ పిల్లాడికి చాలకపోతే? వాడి ఫోన్‌లో కూడా ఏదో ఒక నంబరు ఉండే ఉంటుంది కదా. మాత్రలు లెక్కపెడుతూ రెండుసార్లు తప్పింది, ట్రే మళ్ళీ మొదట్నుంచి పోసుకుంది.

ఒంటిగంటప్పుడు డార్లీన్ వచ్చింది. మందు కోసం కాదు, చూయింగ్ గమ్ కోసం. జుట్టు నున్నగా దువ్వి ముడేసుకుంది. యూనిఫారం నుంచి ఉతుకు సబ్బు వాసన వస్తోంది. తిరుపతయ్యే కౌంటర్ దగ్గరున్నాడు. గమ్ ప్యాకెట్ తీసుకుని అటూ ఇటూ తిప్పి స్కాన్ చేశాడు.

"మొన్న షిఫ్ట్‌కి టైముకి వెళ్ళాను," అంది డార్లీన్, రేణుకి వినపడేలా. "మా దగ్గర తొంభై దాటిన ముసలాయన ఒకడున్నాడు. దుప్పటి వేడిగా ఉన్నప్పుడే కప్పాలి. డ్రయర్ లోంచి తీసి పరిగెత్తుకుంటూ పోతా. నేను రాకపోతే చల్లటిదే కప్పుతారట, నన్ను తిట్టాడు."

తిరుపతయ్య ఏదో అనబోయాడు.  అందరినీ పలకరించి, అందరి బీపీలూ గుర్తుంచుకునే మనిషికి ఆ ఒక్కావిడతో ఏం మాట్లాడాలో తెలియలేదు.

"హావ్ ఎ నైస్ డే," అన్నాడు చివరికి.

"యూ టూ, మిస్టర్ టీ," అంది ఆవిడ.



శుక్రవారం ఫ్లూ ఇంజెక్షన్ల రోజు. గుడికి వచ్చేవాళ్ళందరికీ తిరుపతయ్య వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు, దాంతో మధ్యాహ్నానికి షాపు పెళ్ళివారిల్లులా తయారైంది. పట్టుచీరల మీద స్వెటర్లు, చేతుల్లో ప్రసాదం సంచులు. లైను గ్రీటింగ్ కార్డుల స్టాండు దాకా ఉంది. రేణు మూలనున్న కుర్చీ దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ పొడుస్తోంది. దూదితో తుడవడం, గుచ్చడం, పట్టీ వెయ్యడం, మీరు కాసేపు కూర్చోండి పిన్నిగారూ అనడం. ఆ సందడిలో ఆమె దిగులు కూడా కొంచెం వెనక్కి తగ్గింది.

"నెప్పి పుడుతుందా అమ్మాయ్?" అంటున్నాడు వీరాంజనేయులు. డెబ్భై ఏళ్ళాయన, బ్యాంకులో రిటైరైనవాడు, చొక్కా భుజం దాకా మడిచి సిద్ధంగా కూర్చున్నాడు.

"దోమ కుట్టినట్టుంటుంది అంకుల్."

"మా ఊరి దోమా, ఈ ఊరి దోమా?"

అప్పుడే వెనక తలుపు మీద చప్పుడైంది. రేణుకి తెలుసు ఎవరో. తిరుపతయ్య వెళ్ళాడు. వెనక గది తలుపు ఓరగా ఉంది, మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"మాగాయ తెచ్చానన్నయ్యగారూ. ఈసారి కాస్త కారం తగ్గించాను, మీ కడుపులో మంటన్నారు కదా," అంటోంది వసంతలక్ష్మి.

"అమ్మా, అది కాదు. ఈసారి... కొంచెం తక్కువ పడింది. సగమే ఉంది. సోమవారానికి..."

"తక్కువంటే? ఎందుకు తక్కువ?" ఆవిడ గొంతు పలచబడింది. "అన్నయ్యగారూ, వాడికి ఒక్కరోజు తేడా వస్తే నేను తట్టుకోలేను. మీకు తెలుసు కదా. వేరేచోటికి వెళ్ళి ఎక్కడని అడుగుతాను, ఎవరైనా చూస్తే?"

రేణు చేతిలో సూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెళ్ళి చెప్పాలి, ఇచ్చింది నేనే అని. వీరాంజనేయులు భుజం ముందుకి చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఇంకా పొడవలేదా?" అన్నాడు.

ముందు తలుపు గంట మోగింది. అద్వైత్ లోపలికొచ్చాడు.

కారు వెనక సందులో పెట్టి, బిల్డింగ్ చుట్టూ తిరిగి వచ్చినట్టున్నాడు. పొడుగాటి కుర్రాడు, చెవుల దాకా ఉన్ని టోపీ. లైను చివర, గ్రీటింగ్ కార్డుల స్టాండు పక్కన నిలబడ్డాడు. అరె అద్వైత్, ఎంత పొడుగైపోయావు రా అని ఆంటీలు మొదలుపెట్టారు. హాయ్ ఆంటీ, హాయ్ ఆంటీ అన్నాడు. ఇసబెల్ ఇంజెక్షన్ కాగితం ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదు. నాకు రీఫిల్ కావాలి. బ్యూప్రెనార్ఫిన్. పేరు అద్వైత్."

మామూలు గొంతుతోనే అన్నాడు. ఆ పేరు అక్కడున్న వాళ్ళలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మంది చాలు, లైను మొత్తం నిశ్శబ్దమైపోవడానికి. వెనక గదిలో కూడా మాటలు ఆగిపోయాయి.

వీరాంజనేయులు కళ్ళు తెరిచాడు. "అది దేనికి బాబూ?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. మందుల షాపులో కూర్చున్న ఏ ముసలాయనైనా అడిగేదే.

అద్వైత్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను పెయిన్ పిల్స్‌కి ఎడిక్ట్ అయ్యాను అంకుల్. తర్వాత ఇంకా బ్యాడ్ స్టఫ్. ఇది దానికి మెడిసిన్. రోజూ తీసుకుంటా."

"రోజూనా?"

"యా."

"జీవితాంతమా?"

"మేబీ. ఇంకా తెలీదు."

వీరాంజనేయులు గడ్డం గోక్కున్నాడు. "నా బీపీ మాత్రా అంతే," అన్నాడు. "ఇరవై ఏళ్ళ నుంచి మింగుతున్నా. మానేద్దామా డాక్టర్ గారూ అంటే మానేస్తే పోతావంటాడు." రేణు వైపు తిరిగి, "నువ్వు కానియ్యమ్మా, చొక్కా మడిచి చెయ్యి లాగుతోంది," అన్నాడు.

రేణు పొడిచింది. ఆయన మొహం చిట్లించి, తర్వాత ఏమీ లేదే అన్నట్టు భుజం చూసుకున్నాడు. లైనులో ఎవరో చిన్నగా నవ్వారు. ఇంకెవరో గొంతు సవరించుకున్నారు. అంతకంటే ఏమీ జరగలేదు. పైకప్పు కూలలేదు.

తిరుపతయ్య వెనక గదిలోంచి వచ్చాడు. ఒక చేతిలో మాగాయ సీసా, ఇంకో చేతిలో మిఠాయి డబ్బా. రెండూ ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాడు. "నాయనా, నువ్వెందుకొచ్చావు ఇటు? మీ అమ్మ వెనక..."

"ఐ నో అంకుల్. ఇక నుంచి నేనే వస్తా. ఇక్కడికి."

"ఈసారి సగమే ఉంది బాబూ. ఒక పొరపాటు జరిగింది."

రేణు చేతి తొడుగులు తీసేసి ముందుకొచ్చింది. "పొరపాటు కాదు అద్వైత్. మంగళవారం ఒకావిడ వస్తే నేనే ఇచ్చేశాను. నీదని తెలిసే ఇచ్చాను. సారీ."

అద్వైత్ ఆమె వైపు వింతగా చూశాడు. "డార్లీన్ కదా?"

"నీకెలా తెలుసు?" అంది రేణు.

"నేనే పంపించా ఆంటీ. మేం ఒకే గ్రూప్. అక్రాస్ ద రోడ్, ప్రతి మండే. మొన్న మండే చెప్పింది, అన్ని చోట్లా నో అన్నారు, ఆ ఇండియన్ షాప్‌లో కూడా ఎప్పుడూ అవుట్ ఆఫ్ స్టాక్ అంటారు అని. నేను పక్క చైర్‌లోనే ఉన్నా. నా బ్యాగ్‌లో ఈ షాప్ లేబుల్‌తో అదే మెడిసిన్ ఉంది." వాడికి తెలుగు వెతుక్కోవాల్సి వచ్చింది, ఇంగ్లీషులోకి మాత్రం పారిపోలేదు. "నాకు చాలా... సిగ్గు అయింది. అప్పుడు చెప్పా. వాళ్ళ దగ్గర ఉంది, వెళ్ళి అడుగు, లేదంటే మళ్ళీ అడుగు అని."

తిరుపతయ్య సీసా కౌంటర్ మీద పెట్టాడు.

"ఫస్ట్ టైమ్ గ్రూప్‌కి వెళ్ళినప్పుడు నేను డోర్ దగ్గరే నిలబడ్డా అంకుల్. పారిపోదాం అని. తనే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. బనానా బ్రెడ్ ఇచ్చింది." వాడు నవ్వాడు. "చాలా బ్యాడ్ బనానా బ్రెడ్."

"మరి నీకు చాలదు కదరా," అంది వెనకనుంచి వసంతలక్ష్మి. వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది, ఒక అడుగు లోపల, ఒక అడుగు బయట.

"సగం అంటే ఇంకా చాలా రోజులు అమ్మా. ఇట్స్ ఓకే."

వసంతలక్ష్మి షాపులోకి చూసింది. అందరూ తెలిసినవాళ్ళే. లలితా పారాయణంలో పక్కన కూర్చునేవాళ్ళు, పుట్టినరోజులకి వచ్చేవాళ్ళు. అందరికీ కొడుకు ఆన్‌లైన్‌లో చదువుతున్నాడని చెప్పింది, కడుపులో అల్సరని చెప్పింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. మందుల అరల మధ్యనుంచి నడిచి, కౌంటర్ చెక్క ఎత్తి, ఇవతలికొచ్చి లైనులో కొడుకు పక్కన నిలబడింది. ముందున్నావిడ తిరిగి చూస్తే, "మా వాడి మందు కోసం వచ్చాం వదినా," అంది.

ఆ వదిన ఏమనాలో తెలియక, "చలిగా ఉంది కదా బయట," అంది.

"చలే మరి," అంది వసంతలక్ష్మి. తర్వాత కొడుకుని మోచేత్తో పొడిచింది. "ఆ డార్లీన్‌కి దొరికిందా చివరికి?"

"దొరికింది అని చెప్పారు కదమ్మా ఇప్పుడే."

"మంచిది. ఆ బ్రెడ్డు ఎలా చెయ్యాలో నేను చెప్తానని చెప్పు."

రేణు అద్వైత్ మందు సిద్ధం చేసింది. లేబుల్ కొట్టి, మిఠాయి డబ్బాలో కాదు, అందరికీ ఇచ్చే తెల్ల కాగితం సంచిలో పెట్టి పిన్ను కొట్టింది. పుట్టిన తేదీ అడిగింది, వాడు చెప్పాడు, సంతకం పెట్టాడు. తర్వాతి వాళ్ళు కుర్చీలోకి వచ్చి స్వెటర్ చెయ్యి మడుచుకుంటున్నారు. షాపులో మాటలు మళ్ళీ మొదలయ్యాయి, ముందు గుసగుసగా, తర్వాత మామూలుగా. రేపు గుడిలో చెప్పుకుంటారు, సందేహం లేదు. చెప్పుకోనీ. దాచినన్నాళ్ళూ ఆ గుట్టు పిల్లాడి గొంతు మీదే కూర్చుంది.

రేణుకి మూడు రోజుల తర్వాత ఆకలేసింది.

తిరుపతయ్య ఇంకా కంప్యూటర్ ముందే నిలబడి ఉన్నాడు. స్క్రీన్ మీద పసుపు కాగితం పీకి, కళ్ళజోడు సరిచేసుకుని, నంబరు నొక్కాడు. అవతల రికార్డు గొంతు ఏవేవో అడుగుతుంటే ఒకటి నొక్కాడు, నాలుగు నొక్కాడు. చివరికి మనిషి దొరికింది. ఇన్సూరెన్స్ వాళ్ళతో పోట్లాడే గొంతు పైకి తీశాడు.

"ఎందుకంటే పేషెంట్లున్నారమ్మా. అవును, ఆ మందుకే... అవునమ్మా, ఎడిక్షన్ పేషెంట్లే. నా పేషెంట్లు... కాదు, తగ్గించడం కాదు, పెంచమంటున్నాను... మీ మేనేజర్ ఉంటే పిలవండి, నేను ఆగుతాను."

ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి రేణు వైపు తిరిగాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. "ఎన్ని పెట్టమంటావమ్మా?"

రేణు పట్టీ వేస్తూ ఆలోచించింది. తను లేదని పంపేసిన మొహాలన్నీ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది, చేతుల నిండా పచ్చబొట్లున్న కుర్రాడు, మనవడిని చంకనేసుకొచ్చిన పెద్దావిడ, బూట్లకి సున్నం అంటుకున్న మేస్త్రీ.

"వాళ్ళు ఎన్నిస్తే అన్నీ తీసుకోండి సార్," అంది. "చాలవు."

ఫోన్లో ఏదో సంగీతం మొదలైంది. తిరుపతయ్య కాలితో స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.